అమ్మమ్మ తెచ్చిన గుడ్లు

మేం అద్దెకుంటున్న ఇంటి కింది వాటాలో ఓనరుగారి కోడలు ఈమధ్య ఒక ప్లాస్టిక్ పెట్టె తెప్పించుకుంది. గుడ్లు పెట్టి స్విచ్ వేస్తే చాలు, వేడి అదే చూసుకుంటుంది, గుడ్లను అదే తిప్పుతుంది. మొన్న మధ్యాహ్నం నన్ను కిందికి పిలిచి, తలుపులు మూసి, ఒక గుడ్డు కింద సెల్‌ఫోన్ లైటు పెట్టింది. "చూడండక్కా, లోపల కదులుతోంది" అంది. చూశాను. సన్నటి ఎర్ర నరాలు, వాటి మధ్య ఒక నల్ల చుక్క. అది ఉండుండి ఉలిక్కిపడుతోంది. బాగుందమ్మా అని చెప్పి, పొయ్యి మీద పాలున్నాయని పైకి వచ్చేశాను. పొయ్యి మీద పాలు లేవు.

మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ ఆయన్ని ఉన్నదానికంటే గొప్పవాణ్ణి చేస్తున్నానని అనిపించి ఆపేశాను. ఇప్పుడు ఒక్క వేసవి గురించి మాత్రం రాస్తాను.

మాది తెనాలి. మార్కెట్ దగ్గర ఒక సందులో నాన్నకి రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టు ఉండేది. స్కూలు నుంచి నేను నేరుగా అక్కడికే వెళ్ళేదాన్ని. సోల్డరింగ్ చేసేటప్పుడు సన్నగా పొగ లేచేది. ఆ వాసన ఆయన చొక్కాలకి ఉతికినా పోయేది కాదు. నేను ఆరో తరగతికి వచ్చేసరికి ఆ కొట్టుకి పని తగ్గిపోయింది. సీడీలు వచ్చాయి, వాటి వెనకే సెల్‌ఫోన్లు వచ్చాయి. బాగుచేసి పెట్టిన టేప్ రికార్డర్ల కోసం కూడా ఎవరూ రావడం లేదు. నాన్న రోజూ వాటిని తుడిచి వరసగా పెట్టేవాడు. చివరికి ఒకరోజు కొట్టు ఖాళీ చేసి సామాన్లన్నీ రిక్షాలో వేయించుకుని ఇంటికి వచ్చాడు. అమ్మ కాళ్ళు కడుక్కోమని చెప్పి అన్నం పెట్టింది.

ఆ రోజుల్లోనే మా పెరట్లో పొదుగుకి కూర్చున్న పెట్టని ముంగిస చంపేసింది. పొద్దున్నే అమ్మ చూసేసరికి గంప చుట్టూ ఈకలున్నాయి. గుడ్లు మాత్రం ఇంకా వెచ్చగా ఉన్నాయి. అమ్మ వాటిని కొంగులో వేసుకుని వచ్చి, వీటిని ఇప్పుడేం చెయ్యాలండీ అని నిలబడింది. ఖాళీగా కూర్చుని ఉన్న నాన్న లేచాడు. ఆ క్షణంలో ఆయన లేచిన తీరు నాకు బాగా గుర్తు. ఎవరో కొట్టు దగ్గరికి వచ్చి పిలిచినట్టు లేచాడు.

కిరాణా కొట్టు నుంచి టీ పొడి వచ్చే చెక్కపెట్టె ఒకటి తెచ్చాడు. టీవీ అట్టపెట్టెలో ఉండే థర్మాకోల్ ముక్కలు కోసి లోపల అతికించాడు. ఒక బల్బు పెట్టాడు. పాత ఇస్త్రీ పెట్టెలో వేడి ఎక్కువైతే ఆపే రేకు ఉంటుంది కదా, దాన్ని తీసి ఆ బల్బుకి కలిపాడు. మూలన ఒక గిన్నెలో నీళ్ళు. జ్వరం చూసే థర్మామీటరు ఒక గుడ్డు పక్కన పడుకోబెట్టాడు. నన్ను పిలిచి చెయ్యి లోపల పెట్టించి, "కొంచెం జ్వరం వచ్చిన పిల్ల నుదురు ఎలా ఉంటుందో అలా ఉండాలి, అంతకంటే తగ్గకూడదు, పెరగకూడదు" అని చెప్పాడు. ప్రతి గుడ్డుకీ ఒకవైపు పెన్సిల్‌తో ఇంటూ, రెండోవైపు సున్నా గీశాం. పొద్దున ఇంటూ పైకి ఉంటే మధ్యాహ్నం సున్నా పైకి రావాలి. కరెంటు పోతే అమ్మ వేడినీళ్ళ సీసాలు పెట్టెలో సర్ది పైన బొంత కప్పేది.

వారం అయ్యాక సామాన్ల గది కిటికీకి గోనెసంచి కట్టి చీకటి చేశాడు. ఖాళీ పాలపొడి డబ్బా అడుగున రూపాయి బిళ్ళంత చిల్లు కొట్టి, లోపల బల్బు వెలిగించి, ఆ చిల్లు మీద ఒక్కొక్క గుడ్డూ నిలబెట్టాడు. కొన్ని గుడ్లు ఖాళీగా, పసుప్పచ్చగా వెలిగాయి. అవి పుంజు తొక్కనివి. మిగతావాటిలో ఎర్రటి సాలీడు కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టుంది. "అదేంటి నాన్నా?" అంటే, "అదే పిల్ల. ఇప్పుడు దానికున్నదంతా గుండె, నరాలే" అన్నాడు. గుడ్డు లావుగా ఉన్న వైపు ఒక చిన్న ఖాళీ కూడా చూపించాడు. దాన్ని గాలి గది అంటారట. పెంకుకి కంటికి కనపడని చిల్లులుంటాయి, లోపలి తడి వాటి గుండా పోతూ ఉంటుంది, ఆ పోయిన చోట గాలి చేరుతుంది, రోజురోజుకీ ఆ గది పెద్దదవుతుంది, చివర్లో పిల్ల మొదటి ఊపిరి అందులోంచే తీసుకుంటుంది. ఇవన్నీ ఆయన లైబ్రరీలో ఒక పాత పుస్తకంలో చదివాడు.

స్కూల్లో ఈ సంగతి చెప్పకుండా ఉండడం నా వల్ల కాలేదు. ఒంటిపూట బడి అయ్యాక, మధ్యాహ్నం నాన్న పడుకున్నప్పుడు క్లాసు పిల్లల్ని దొడ్డిదారిన తీసుకొచ్చి గుడ్డు చూపించేదాన్ని. చూడాలంటే ఒక నూగుజీడి, అదే నువ్వులద్దిన బెల్లం మిఠాయి, ఇవ్వాలి. రెండోసారి చూస్తే ఇంకో జీడి. ఒకమ్మాయి చూసి, భయపడి, తన జీడి తనకి ఇచ్చెయ్యమని ఏడ్చింది. ఆ ఏడుపుకి నాన్న లేచి వచ్చాడు. నన్ను తిట్టలేదు. ఆ పిల్లని పీట మీద కూర్చోబెట్టి మళ్ళీ మెల్లిగా చూపించాడు. తర్వాత నా జేబులో జీడీలన్నీ తీసి అందరికీ పంచాడు. తనూ ఒకటి తిన్నాడు.

మూడో వారంలో గుడ్ల లోంచి కూత వినిపించింది. పెంకు పగలకముందే లోపలినుంచి పిల్ల అరుస్తుందని నాకప్పుడే తెలిసింది. నాన్న పెట్టె దగ్గర నేల మీద కూర్చుని, గుడ్డు చెవి దగ్గర పెట్టుకుని, ఎదురుగా అమ్మ ఉందన్న సంగతి కూడా మర్చిపోయి నవ్వుతున్నాడు. కొట్టు మూసేశాక ఆయన నవ్వడం మేం చూడలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెంకులు పగలగొట్టుకుని వచ్చిన ఆ కోడిపిల్లల్ని చూసి వెళ్ళినవాళ్ళ ద్వారా సంగతి సంగం జాగర్లమూడిలో ఒక రైతుకి తెలిసింది. ఆయన నిమ్మతోటలో నాటుకోళ్ళు పెంచాలనుకుంటున్నాడు. ఇంటికి వచ్చి పెట్టె చూసి, వేసవి దాటేలోపు ఒక పెట్టెడు పిల్లల్ని ఇవ్వగలిగితే ఇక ప్రతిసారీ మీ దగ్గరే తీసుకుంటానని, లేకపోతే గుంటూరు నుంచి తెచ్చుకుంటానని చెప్పి వెళ్ళాడు. నాన్న పెద్ద పెట్టె మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకి ఊళ్ళో ఇంకో పని దొరకలేదు. ఇది కుదిరితే ఇంట్లోనే పని. కుదరకపోతే బయటి ఊరు. ఈ మాట ఆయన నాకు చెప్పలేదు. అమ్మతో అంటుంటే విన్నాను.

మా పెట్టలు పెట్టే గుడ్లు ఏ మూలకీ చాలవు. మా అమ్మమ్మది రేపల్లె దగ్గర పల్లెటూరు. అమ్మ ఆవిడకి కబురు పెట్టింది.

అమ్మమ్మ గురించి ఒకటి చెప్పాలి. ఆవిడ అల్లుడికి ఎదుటపడేది కాదు. ఆవిడ తరంలో అది పద్ధతి. మా ఇంటికి వస్తే వంటింటి తలుపు వెనకే ఉండేది. నాన్నతో ఏమైనా చెప్పాలంటే నాతో చెప్పేది, ఆయనకి వినపడేంత గట్టిగా. "మీ నాన్నని ఇంకో రెండు సున్నుండలు వేసుకోమను" అనేది. నాన్న ముందుగదిలో కూర్చుని, "మీ అమ్మమ్మకి చెప్పు, ఇప్పటికే నాలుగు తిన్నాను" అనేవాడు. నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, మధ్యలో నిలబడితే చాలు. అలా ఏళ్ళ తరబడి ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఒకరంటే ఒకరికి ఎంత ఇష్టమో ఆ గోడకే తెలుసు.

కబురు అందాక అమ్మమ్మ ఎండలో కాలవ గట్టున పడి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. పుంజు ఉన్న ఇళ్ళలోనే గుడ్లు అడిగింది. రేపల్లె ప్యాసింజర్లో రెండు పెద్ద బుట్టలతో దిగింది. ఊకలో గుడ్లు పేర్చి, వాటి మీద పాత చీర కప్పి, రైల్లో రెండు బుట్టలనీ రెండు చేతులతో పట్టుకునే కూర్చుందట. ఒక్కటి పగల్లేదు. తలుపు వెనక చేరి చెంబుడు నీళ్ళు తాగి, నాకు చెప్తున్నట్టు మొదలుపెట్టింది.

"ఏ ఇంటికెళ్ళినా ఒకటే నవ్వే. ఏంటమ్మా, మీ అల్లుడు పొదుగుకొచ్చాడంటగా, గంప తెప్పించావా, తవుడు పెడుతున్నావా అని."

ముందుగదిలో నాన్న పొలమారేలా నవ్వాడు. "మీ అమ్మమ్మకి చెప్పు, తవుడు వద్దు, సున్నుండలు చాలు" అన్నాడు.

గుడ్లు నున్నగా, మెరుస్తూ ఉన్నాయి. ఎంత శుభ్రంగా తెచ్చిందో చూడు అని అమ్మ మురిసిపోయింది. నాన్న ఒక్కొక్కదాన్నీ డబ్బా మీద పెట్టి చూసి, గాలి గది అంచు వెంబడి పెన్సిల్ గీత గీసి, పెట్టెలో పేర్చాడు. అమ్మమ్మ ఆ సాయంత్రమే ఊరికి తిరిగి వెళ్ళిపోయింది. రెండు రోజులకి పెట్టె బాగా వేడెక్కాక గదిలో ఒక వాసన మొదలైంది. తలంటు రోజు వాసనలా ఉందమ్మా అన్నాను. అమ్మమ్మ కందులు పంపే బుట్టలే కదా, వాటి వాసన అయ్యుంటుందిలే అంది అమ్మ. ఆ వారం ముగ్గురం వంతులేసుకుని గుడ్లు తిప్పాం. నాన్న పెద్ద పెట్టెకి తలుపు కూడా చేశాడు, అద్దంతో.

వారం తిరిగాక, మధ్యాహ్నం భోజనాలయ్యాక, సామాన్ల గదిలో మళ్ళీ కిటికీకి గోనెసంచి కట్టాం. నాన్న మొదటి గుడ్డు పెట్టాడు. చాలాసేపు చూసి పక్కన పెట్టాడు. రెండోది పెట్టాడు. మూడోది నేను కూడా వంగి చూశాను. సాలీడు లేదు. సన్నటి ఎర్ర ఉంగరం ఒకటి ఉంది, అంతే. ఏదో మొదలై, ఆగిపోయి, అంచుకి చేరినట్టు. నాలుగోదీ అంతే. ఆయన పెన్సిల్ గీతలనే చూస్తున్నాడు. గాలి గది ఈపాటికి ఆ గీత దాటి కిందికి రావాలి. ఎక్కడ గీశాడో అక్కడే ఉంది. ఏ గుడ్డుదైనా అక్కడే ఉంది. ఆరోజే పెట్టిన గుడ్డులా ఉంది.

గుడ్డుని బొటనవేలితో రుద్ది ఆ వేలు వాసన చూసుకున్నాడు. అమ్మని పిలిచి గుడ్డు చేతిలో పెట్టాడు. అమ్మ వాసన చూసింది.

"ఆముదం" అంది.

అమ్మమ్మ మాకు పంపే కందులు, పెసలు, మినుములు అన్నింటికీ ఆముదం పట్టించేది. అరచేతిలో పోసుకుని గింజ గింజకీ అంటేలా కలిపి ఎండలో పోసేది. పురుగు పట్టదు, ఏడాదంతా నిలవుంటాయి. నా జుట్టుకీ అదే, తలుపు బందులకీ అదే, కాలు తెగితే దాని మీదా అదే. పాడవకూడదు అనుకున్న దేనికైనా ఆవిడ ఆముదమే రాసేది. ఎండాకాలం మాకు తినడానికి తెచ్చే గుడ్లకి కూడా రాసేదట. అది అమ్మకి అప్పుడే గుర్తొచ్చింది. ఆ రెండు బుట్టల గుడ్లకీ ఎండలో తిరిగొచ్చి కూర్చుని ఒక్కొక్కదానికీ రాసి తుడిచి ఉంటుంది. నూనె పట్టిన పెంకు లోపల పిల్లకి ఊపిరాడదని ఆవిడకి ఎవరు చెప్తారు? ఆవిడ చూసిన పెట్టలన్నీ తమ గుడ్లు తామే పొదుక్కున్నాయి.

"నేను ముందే అడగాల్సింది" అంది అమ్మ.

"ఎవరడుగుతారు ఇలాంటిది" అన్నాడు నాన్న.

అయినా ఆయన ఒక్క గుడ్డూ వదలకుండా చివరిదాకా చూశాడు. ఒక్కదాంట్లోనైనా ఉంటుందేమోనని. తర్వాత డబ్బాలో బల్బు ఆపేశాడు. కిటికీకి కట్టిన గోనెసంచి విప్పలేదు. మేం ముగ్గురం ఆ చీకట్లోనే కాసేపు కూర్చున్నాం.

నాలుగు రోజులాగి అమ్మమ్మ వచ్చింది. పిల్లలు లేచేదాకా ఉండి చూసుకుని వెళ్తానని బట్టలు కూడా తెచ్చుకుంది. అమ్మ తలుపు దగ్గరే, గుడ్లు పోయాయమ్మా అంది. ఎలా పోయాయి అంటే లోపలికి వెళ్ళిపోయింది. అమ్మమ్మ వంటింటి గడప దగ్గర నిలబడిపోయింది. సంచి ఇంకా చేతిలోనే ఉంది. "నేను తెచ్చినవి మంచివి కావా? పుంజు లేని ఇంటివేమైనా అంటగట్టారా నాకు?" అని నన్నే అడుగుతోంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

అప్పుడు ముందుగదిలోంచి నాన్న లేచి వచ్చాడు. ఎప్పుడూ అలా రాలేదు. వంటింటి గడప దాకా వచ్చి, నాతో కాకుండా, సరాసరి ఆవిడతోనే అన్నాడు.

"మీ గుడ్లు బంగారంలాంటివి అత్తయ్యగారూ. కరెంటు పోయిందండి. ఒక రోజంతా రాలేదు. నేనే చూసుకోలేకపోయాను."

అమ్మమ్మ గబగబా కొంగు తల మీదికి లాక్కుంది. నేలకేసి చూస్తూ, తను కూడా మొదటిసారి ఆయనతోనే అంది. "పోనివ్వండి బాబూ. కరెంటు పోతే మీరేం చేస్తారు."

ఆ రోజు ఆవిడ మళ్ళీ ఏడవలేదు. ఎండు రొయ్యలు వేయించి అల్లుడికి పెట్టించింది. ఊరెళ్ళాక అందరికీ చెప్పుకుందట, అల్లుడు తనే వచ్చి నాతో మాట్లాడాడు, ఎంత మర్యాద అని.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఊరెళ్ళాక ఆవిడ ఊరికే కూర్చోలేదు. అల్లుడు చేతిలో పని ఉన్న మనిషి, పాడు కరెంటు వల్ల నష్టపోతున్నాడు అనుకుంది. వాళ్ళ ఊళ్ళో రొయ్యల చెరువులున్న ఒకాయనకి, బాపట్ల అవతల సముద్రం దగ్గర రొయ్యపిల్లల హేచరీలో తెలిసినవాళ్ళున్నారు. ఆయన ఇంటి చుట్టూ తిరిగి తిరిగి, మోటార్లూ జనరేటర్లూ చూసుకునే పని ఒకటి మాట్లాడింది. ఆ కబురు పట్టుకుని తనే మళ్ళీ రైలెక్కి వచ్చింది. తలుపు వెనక నుంచి ఎంతో సంతోషంగా చెప్పింది, అక్కడ రెండు జనరేటర్లున్నాయంట, కరెంటు పోయే మాటే లేదంట, అల్లుడుగారికి ఇక ఆ బాధ ఉండదు అని.

ఆ సాయంత్రం పెరట్లో అమ్మానాన్నా మాట్లాడుకోవడం విన్నాను. నిజం చెప్పేద్దాం అంది అమ్మ. మా కోళ్ళ గుడ్లతోనే మెల్లిగా మళ్ళీ మొదలుపెడదాం, ఆ రైతు కాకపోతే ఇంకొకరు అంది. నాన్న అన్నాడు, "ఆ ఎండలో తిరిగి తెచ్చింది. ఒక్కొక్క గుడ్డూ చేత్తో పట్టుకుని రాసుంటుంది. ఆ చేత్తోనే చంపారని ఎలా చెప్పమంటావ్?"

కొన్నాళ్ళు చేసి, ఇన్వర్టర్ కొనుక్కుని వచ్చేస్తానన్నాడు. కరెంటు పోయిందని చెప్పినందుకు ఇన్వర్టర్ కూడా కొనాలా అని అమ్మ నవ్వబోయి ఏడ్చింది. ఆయన వెళ్ళడానికి ఇదొక్కటే కారణం అనను. ఇంట్లో సరుకులు నిండుకుంటున్నాయి, నిమ్మతోట రైతు గుంటూరు నుంచి పిల్లల్ని తెచ్చుకున్నాడు. కానీ ఆవిడ అలా వచ్చి చెప్పకపోతే ఆయన వెళ్ళేవాడు కాదని అమ్మ చివరిదాకా నమ్మింది. నేనూ నమ్ముతున్నాను.

మొదట్లో ప్రతి ఆదివారం వచ్చేవాడు, తర్వాత రెండు వారాలకోసారి. చొక్కాలకి సోల్డరింగ్ వాసన పోయి ఉప్పు, డీజిలు వాసన వచ్చింది. ఒకసారి మమ్మల్ని బాపట్ల రమ్మని, సూర్యలంక సముద్రానికి తీసుకెళ్ళాడు. నీళ్ళలో ఆడుకున్నాక ఒక గాజు గ్లాసులో రొయ్యపిల్లల్ని చూపించాడు. ఎండకేసి పట్టుకుంటే వెంట్రుకంత పిల్లలు, లోపల పేగు కూడా కనిపిస్తోంది. "వీటికి దీపం అక్కర్లేదు, చూడు" అన్నాడు. నీకు ఇక్కడ బాగుందా నాన్నా అని అడిగాను. నీ పరీక్షలెప్పుడు అన్నాడు.

రెండో వానాకాలంలో, జనరేటర్ షెడ్డులో మంచం మీద పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. ఇంటి దగ్గరున్నా ఆగేదేనన్నాడు డాక్టరు. జీపులో తెచ్చారు.

అమ్మమ్మ వచ్చింది. వాకిట్లో అంతమంది మగవాళ్ళ మధ్యనుంచి నడిచి వచ్చి ఆయన తల దగ్గర కూర్చుంది. తల మీద కొంగు లేదు. ఆయన మొహాన్ని అంత దగ్గరగా చూడడం ఆవిడకి అదే మొదలు. నుదుటి మీద చెయ్యి వేసి సాయంత్రం దాకా తియ్యలేదు. "నేను పంపాను బాబూ, నేనే పంపాను" అని ఆయనతోనే అంటోంది. అమ్మ విన్నది. పక్కనే కూర్చుని, ఆవిడ వీపు నిమిరింది తప్ప ఏమీ చెప్పలేదు.

అమ్మ బ్లౌజులు కుట్టి నన్ను చదివించింది. చివరి రోజుల్లో అమ్మమ్మ మా దగ్గరే ఉంది. చూపు బాగా తగ్గిపోయింది. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. ఒక మధ్యాహ్నం అమ్మ బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. నేను అమ్మమ్మ కాలి గోళ్ళు తీస్తున్నాను. ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నదాన్ని అడిగినట్టు, మెల్లిగా అడిగింది.

"అప్పుడు నిజంగా కరెంటే పోయిందామ్మా?"

ఎప్పుడు అని నేను అడగలేదు. "పోయింది అమ్మమ్మా" అన్నాను.

"మీ నాన్న నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే కదా. నా మొహం చూసి జాలిపడి అన్నాడేమోనని."

"లేదమ్మమ్మా. నేను అక్కడే ఉన్నానుగా. ఒక రోజంతా రాలేదు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"అయితే పంపింది మంచికే పంపాను" అంది.

"అవును" అన్నాను.

"చిటికెన వేలు వదిలేశావ్, చూడు" అంది. దాని గోరు కూడా తీశాను.

సాయంత్రం అమ్మకి చెప్పాను. విని, తల ఊపి, దీపం పెట్టడానికి వెళ్ళింది. ఇప్పుడు అమ్మమ్మ లేదు, అమ్మ కూడా లేదు. ఆ వేసవి మా ఇంట్లో ఏం జరిగిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. మా ఇంట్లో ఒకరి తర్వాత ఒకరం అంత గట్టిగా చెప్పాం కాబట్టేమో, ఈమధ్య నాకే అనుమానం వస్తోంది, నిజంగా ఒకరోజు కరెంటు పోయిందేమోనని.

పోలేదు. ఆ వారమంతా బల్బు వెలుగుతూనే ఉంది.